రాజకీయ విలేకరిని ఎంపిక చేసేటప్పుడు పత్రికలు, ఛానళ్లు ఏం చూస్తాయి?

"హనుమకొండలో డిగ్రీ పూర్తి చేశాను, రాజకీయ వార్తలు రాయాలని ఉంది, కానీ ఏ నాయకుడితోనూ పరిచయం లేదు. ఉద్యోగం ఇచ్చేవాళ్లు అసలు ఏం చూస్తారు?" అని మీరు అడిగారు. నేను నర్సంపేట వైపు ఒక మండలంలో విలేకరిగా మొదలుపెట్టి, తర్వాత వరంగల్‌లో స్టాఫ్ రిపోర్టర్‌గానూ, డెస్కులోనూ పనిచేశాను. కొన్నేళ్లుగా కొత్తవారిని ఇంటర్వ్యూ చేసేవారిలో నేనూ ఒకణ్ని కాబట్టి, ఈ జిల్లాల్లో నేను చూసినంత మేరకు చెబుతాను.

ముందుగా పరిచయాల సంగతి. నాయకులతో పరిచయం లేకపోవడం మీకు లోటు కాదు. "ఎమ్మెల్యే గారు నన్ను పేరు పెట్టి పిలుస్తారు" అని చెప్పుకునే అభ్యర్థులు ప్రతిసారీ వస్తారు. వారిని మేము అడిగేది ఒక్కటే: ఆయనకు ఇష్టం లేని వార్త మీరు చివరిసారి ఎప్పుడు రాశారు? చాలామంది దగ్గర దానికి జవాబు ఉండదు. బీటులో, అంటే మీకు అప్పగించిన ప్రాంతంలో, ఆరు నెలలు తిరిగితే ఫోన్ నంబర్లు ఎవరికైనా వస్తాయి. నాయకుడు చెప్పిన మాటను కాగితంతో సరిచూసే అలవాటు మాత్రం చేరిన తర్వాత నేర్పడం చాలా కష్టం, అందుకే మంచి సంస్థలు అన్నింటికన్నా ముందు దాని కోసమే వెతుకుతాయి.

మేము పెట్టే పరీక్షలో నుంచే ఒక ఉదాహరణ చెబుతాను. "కాజీపేటకు కోచ్ ఫ్యాక్టరీ ఇస్తామని విభజన చట్టంలో రాసి ఉంది" అని ఒక పార్టీ ప్రకటన, "చట్టంలో అలాంటి హామీ ఏదీ లేదు" అని ఇంకో పార్టీ ప్రకటన పక్కపక్కనే పెట్టి, వార్త రాయమంటాం. చట్టం ప్రతి కూడా అక్కడే బల్ల మీద ఉంటుంది. పది మందిలో ఏడెనిమిది మంది రెండు ప్రకటనలనూ చెరో పేరాగా రాసి, మధ్యలో "కాగా" అని పెట్టి ముగిస్తారు. చట్టాన్ని తెరిచి 13వ షెడ్యూలు దాకా వెళ్లినవారికి మాత్రం అసలు సంగతి కనిపిస్తుంది. తెలంగాణలో రైల్ కోచ్ ఫ్యాక్టరీ ఏర్పాటుకు సాధ్యాసాధ్యాలను రైల్వే శాఖ 2014 జూన్ 2 నుంచి 6 నెలల్లోగా పరిశీలించి, త్వరగా నిర్ణయం తీసుకోవాలని అందులో ఉంది. కాజీపేట పేరు లేదు, ఫ్యాక్టరీ కట్టి తీరాలనీ లేదు, అలాగని రైల్వే శాఖకు ఏ బాధ్యతా లేదనీ కాదు. అదే షెడ్యూలులో గిరిజన విశ్వవిద్యాలయం గురించిన మాట ఇంతకన్నా గట్టిగా ఉంటుంది. అయినా ములుగుకు వచ్చిన ఆ గిరిజన విశ్వవిద్యాలయానికి సంబంధించిన చట్టం 2023 డిసెంబరులో గానీ రాలేదు. కాజీపేటలో రైల్వే తయారీ యూనిట్‌కు 2023 జూలై 8న శంకుస్థాపన జరిగింది. ఈ తేడాలను తెలిసిన తెలుగులో, ఎవరి పక్షమూ వహించకుండా 200 పదాల్లో చెప్పగలిగిన వ్యక్తిని ఏ ఎడిషన్ ఇంచార్జీ వదులుకోడు. కోచ్ ఫ్యాక్టరీ అనేది ఈ ప్రాంత ప్రజలకు దశాబ్దాల నాటి ఆశ కాబట్టి, దాని గురించి రాసేటప్పుడు ఉన్నది ఉన్నట్టుగా రాయడం వారి పట్ల మనం చూపవలసిన కనీస గౌరవమని నా నమ్మకం.

ఈ పాఠం నేను నేర్చుకున్నది నా తప్పు వల్లనే. 2014 ప్రాదేశిక ఎన్నికల్లో మా మండలంలోని ఒక ఎంపీటీసీ స్థానంలో తిరుగుబాటు అభ్యర్థి నామినేషన్ ఉపసంహరించుకున్నాడని ఒక నాయకుడి అనుచరుడు సాయంత్రం ఫోన్ చేసి చెప్పాడు. మండల పరిషత్ కార్యాలయం నేనున్న చోటికి కిలోమీటరు దూరం కూడా ఉండదు. బరిలో ఉన్నవారి జాబితాను అప్పటికే నోటీసు బోర్డుకు అంటించారు. నేను వెళ్లి చూడకుండా వార్త పంపేశాను, అది జిల్లా పేజీలో అచ్చయింది. మర్నాడు పొద్దున్నే ఆ అభ్యర్థి మా ఇంటి ముందు సైకిల్ ఆపి, ఆ జాబితాను చేత్తో రాసుకొచ్చిన కాగితం నా చేతిలో పెట్టి, "నా పేరు మూడో వరుసలో ఉంది, చూడు బిడ్డా" అన్నాడు. ఆయన గొంతులో కోపం కన్నా బాధే ఎక్కువగా ఉంది. సవరణ వేశాం గానీ, ఊళ్లో ఆ వార్త చదివినవాళ్లందరూ సవరణ చదివి ఉండరు. ఇంటర్వ్యూలో "మీరు చేసిన తప్పు ఒకటి చెప్పండి" అని అడగడం అప్పటి నుంచి నాకు అలవాటైంది. తప్పే చేయలేదన్నవారి కన్నా, ఏం జరిగిందో, దాన్ని ఎలా సరిదిద్దారో వివరంగా చెప్పినవారికే నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

ఆ తర్వాత చూసేది ప్రాంతం మీద పట్టు. 2016లో, 2019లో జిల్లాలు విడిపోయాక ఇక్కడి రాజకీయ పటం కొత్తవారిని తేలిగ్గా తికమక పెడుతుంది. పాలకుర్తి నియోజకవర్గంలో పాలకుర్తి జనగామ జిల్లాలో, తొర్రూరు మహబూబాబాద్ జిల్లాలో, రాయపర్తి వరంగల్ జిల్లాలో ఉన్నాయి. ఎల్కతుర్తి హనుమకొండ జిల్లాలోదే అయినా ఓటు వేసేది హుస్నాబాద్ అసెంబ్లీకి, కరీంనగర్ లోక్‌సభకు. జనగామ అసెంబ్లీ స్థానం భువనగిరి లోక్‌సభ కిందికి వస్తుంది. ఇవి తెలియకుండా ఎన్నికల రోజున పోలింగ్ శాతాలు రాస్తే పేజీ అంతా తప్పుల తడకే అవుతుంది. పాత చరిత్ర కూడా కొంత అడుగుతాం. 1984లో హనుమకొండ లోక్‌సభ స్థానంలో ఏం జరిగిందని అడిగితే, పి.వి. నరసింహారావు బీజేపీ అభ్యర్థి చందుపట్ల జంగారెడ్డి చేతిలో ఓడిపోయారనీ, ఆ ఏడాది దేశమంతటా బీజేపీకి వచ్చిన రెండు స్థానాల్లో అది ఒకటనీ చెప్పగలిగిన అభ్యర్థి తాను నిలబడ్డ నేల గురించి చదువుకున్నాడని మాకు అర్థమవుతుంది.

చిన్నవిగా కనిపించే మాటల్లోనూ అవగాహన బయటపడుతుంది. సర్పంచ్ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు, ఎంపీటీసీ, జడ్పీటీసీ ఎన్నికలు జరుగుతాయి. అందుకే సర్పంచ్ విషయంలో ఫలానా పార్టీ "బలపరిచిన అభ్యర్థి" అని రాయాలి. పరీక్ష పేపర్లో ఈ తేడా పాటించినవారిని నేను ప్రత్యేకంగా గుర్తు పెట్టుకుంటాను.

భాష విషయానికి వస్తే, జీవోలు, కోర్టు తీర్పులు ఎక్కువగా ఇంగ్లిషులోనే ఉంటాయి కాబట్టి అనువాద పరీక్ష దాదాపు అన్నిచోట్లా ఉంటుంది. అక్కడ చూసేది మీరు ఇంగ్లిషు ఎంత ధారాళంగా మాట్లాడతారన్నది కాదు. చదివినదాన్ని తొర్రూరు బస్టాండులో పేపర్ చూసే మనిషికి అర్థమయ్యేలా తిప్పి చెప్పగలరా అన్నదే మాకు ముఖ్యం. మరో సంగతి కూడా చెప్పాలి. మీకు లంబాడా భాష గానీ, కోయ గానీ వస్తే దాన్ని దరఖాస్తులో తప్పకుండా రాయండి. 2018 పంచాయతీరాజ్ చట్టంతో ఎన్నో తండాలు సొంత పంచాయతీలయ్యాయి, డోర్నకల్, మహబూబాబాద్, ములుగు నియోజకవర్గాల్లో ఎన్నికల చర్చంతా అక్కడే జరుగుతుంది. అక్కడివారితో వారి భాషలోనే మాట్లాడగలిగే విలేకరులు మా దగ్గర ఇప్పటికీ చాలా తక్కువ, అది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

ఎంపికకు ముందు మీ గురించి విచారణ కూడా జరుగుతుంది. మీ ఫేస్‌బుక్, వాట్సాప్ స్టేటస్‌లు చూస్తారు, మీ ఊళ్లో రెండు ప్రత్యర్థి పార్టీల మండల నాయకులకు ఫోన్ చేసి మీరెలాంటివారని అడుగుతారు. గతంలో విద్యార్థి సంఘంలో పనిచేసి ఉంటే దాచకండి. కాకతీయ విశ్వవిద్యాలయంలో చదివిన విలేకరుల్లో చాలామంది ఆ దారిలోనే వచ్చారు. ఇప్పుడు సభ్యత్వం ఉందా లేదా అన్నదే ప్రశ్న.

ఛానళ్లలో వీటికి తోడు గొంతు, లైవ్‌లో తడబడకుండా మాట్లాడడం, ఫోన్‌తోనే వీడియో తీసి పంపగలగడం చూస్తారు. అవి మూడు నాలుగు నెలల సాధనతో వస్తాయి.

వారు మిమ్మల్ని చూసినట్టే మీరూ వారిని చూడాలి. మండల స్థాయిలో చాలా సంస్థలు జీతం ఇవ్వవు, లైన్ అకౌంట్, అంటే అచ్చయిన వార్తల పొడవును బట్టి లెక్కగట్టే డబ్బు, మాత్రమే ఇస్తాయి, కొన్నయితే ప్రకటనల టార్గెట్ పెడతాయి. ఇంటర్వ్యూలో చివరగా "ఏమైనా అడగాలా?" అన్నప్పుడు, యాడ్ టార్గెట్ ఉందా, ఉంటే ఏడాదికి ఎంత, చేరలేకపోతే ఏమవుతుంది అని సూటిగా అడగండి. ఏ నాయకుడి దగ్గరకు ప్రకటన కోసం వెళ్తారో ఆయన మీదే వార్త రాయవలసి వస్తే కలం ఎంత బరువెక్కుతుందో నేను అనుభవించాను. ఈ ప్రశ్న అడిగినందుకు మిమ్మల్ని తిరస్కరించే సంస్థలో చేరకపోతేనే మీకు మంచిది.

ఇంటర్వ్యూకు వెళ్లేలోగా ఒక పని చేయండి. వరంగల్ పశ్చిమ నియోజకవర్గంలో 2023 ఎన్నికలకు సంబంధించిన ఫారం 20ను, అంటే బూత్‌ల వారీ ఓట్ల పట్టికను, రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్ నుంచి తీసుకోండి. గెలిచిన అభ్యర్థి ఫారం 26 అఫిడవిట్‌ను, అంటే ఆస్తులు, కేసుల వివరాలతో ఇచ్చిన ప్రమాణపత్రాన్ని, కూడా దించుకోండి. మీ వీధి వాళ్లు ఓటు వేసే నాలుగైదు బూత్‌లలో ఎవరికి ఎన్ని ఓట్లు వచ్చాయో చూసి, అక్కడికి నడిచి వెళ్లి, ఎందుకలా వచ్చాయో పది మందిని అడిగి, రెండు పేజీలు రాయండి. సర్టిఫికెట్ల ఫైలులో ఆ రెండు పేజీలను అన్నింటికన్నా పైన పెట్టుకుని వెళ్లండి.