కాలీఫ్లవర్ పిజ్జా ముద్దవుతోందా?

ప్రశ్న: అక్కా, మా ఆయనకు షుగర్. మైదా మానేసి కాలీఫ్లవర్ తురుములో గుడ్డు, చీజ్ కలిపి పిజ్జా రొట్టె చేశాను. ఎత్తబోతే ముద్దలా జారిపోయింది. తప్పెక్కడ?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: తప్పంతా నీళ్లదమ్మా. కాలీఫ్లవర్‌లో నూటికి 90 పాళ్లకు పైగా నీరే. కడపలో మా ఇంట్లో నాకూ మొదటి రెండుసార్లు ఇలాగే చెడిపోయింది. తురుమును 5 నిమిషాలు ఆవిరి పట్టి, బాగా చల్లారాక పాత పంచెగుడ్డలో మూటకట్టి పిండండి. ఊరికే నొక్కితే సరిపోదు. మూటను మెలితిప్పుతూ, చుక్క రాలడం ఆగేదాకా పిండాలి. అరకిలో పువ్వుకు నాకు ముప్పావు గ్లాసు నీళ్లు దిగాయి! గుడ్డ విప్పితే తురుము రవ్వలా పొడిపొడిగా కనబడాలి.

అప్పుడు ఒక గుడ్డు, గుప్పెడు చీజ్, రెండు చెంచాల జొన్నపిండి కలపండి. జొన్నపిండి మైదాలా సాగదు, కానీ మిగిలిన తడిని పీల్చుకుంటుంది. మన సీమ ఇళ్లలో డబ్బా నిండా ఉండేదే కదా.

ఓవెన్ 220 డిగ్రీలకు ముందే వేడెక్కాలి. నూనె రాసిన బటర్ పేపర్ మీద పావు అంగుళం మందాన తట్టి, పైన ఏమీ వేయకుండా 20 నిమిషాలు కాల్చండి. అంచులు ఎర్రబడ్డాక తిరగేసి ఇంకో 5 నిమిషాలు. ఆ తర్వాతే సాస్, అదీ పల్చగా. టమోటా వేస్తే గింజలు తీసేయండి.

పిండిపదార్థం తగ్గినా చీజ్‌లోని కొవ్వు, ఉప్పు ఎక్కడికీ పోవు. ఆయనకు రెండు ముక్కలు పెట్టి, పక్కన కీరా ముక్కలు ఎక్కువ వేయండి. దించగానే కోయకండి, 5 నిమిషాలు ఆగితే రొట్టె గట్టిపడుతుంది.