టారో కార్డును నేటి చిత్రకారులు మార్చి గీస్తే అది తప్పా?

తప్పు కాదు, ఎందుకంటే జోస్యం చెప్పడానికి వాడే ఈ బొమ్మల టారో కార్డు ఇలాగే ఉండాలని చెప్పే అధికారిక బొమ్మ అంటూ ఏదీ లేదు. సాధారణంగా మారకుండా నిలిచేది కార్డు పేరు, దాని వెనకున్న భావం. ఆ భావాన్ని ఏ రూపంలో చూపాలన్నది గీసేవాళ్ల ఇష్టం.

'మృత్యువు' కార్డునే చూడండి. 15వ శతాబ్దపు ఇటలీ కార్డులో అస్థిపంజరం విల్లు, బాణం పట్టుకుని నిలబడి ఉంటుంది. తర్వాత ఫ్రాన్స్‌లోని మార్సెయ్ నగరం పేరుతో పిలిచే కార్డుల్లో అది కొడవలితో కోత కోస్తుంది, నేల మీద తెగిపడ్డ తలలు, చేతులు. 1909లో చిత్రకారిణి పమేలా కోల్మన్ స్మిత్ ఆ అస్థిపంజరానికి నల్ల కవచం తొడిగి తెల్ల గుర్రం ఎక్కించింది. జెండా మీద తెల్ల గులాబీ, గుర్రం ముందు మోకాళ్ల మీద కూర్చున్న పసివాడు, దూరాన రెండు బురుజుల మధ్య సూర్యుడు. భయపెట్టాల్సిన బొమ్మలో అంత వెలుగు పెట్టడం నిజంగా గొప్ప ఆలోచన. ఇవాళ ఎవరైనా అస్థిపంజరాన్నే తీసేసి, ఆకులు రాలుస్తున్న చెట్టు గీసినా 'ఒకటి ముగిసి ఇంకొకటి మొదలవడం' అన్న అర్థం చెడదు.

చాలామంది 1909 నాటి బొమ్మలే ఒరిజినల్, మిగతావి దానికి మార్పులు అనుకుంటారు. కానీ ఈ కార్డులు అంతకు నాలుగు వందల ఏళ్లకు పైగా ముందే ఇటలీలో పేకాట కోసం పుట్టాయి. జోస్యానికి బాగా వాడటం మొదలైంది 18వ శతాబ్దంలోనే.