నాన్నగారి డిశ్చార్జ్ బుక్ ఒకసారి బయటికి తీయమ్మా

గిద్దలూరు దగ్గరి ఒక ఊరి నుంచి ఒక అమ్మాయి రాసింది. ఉత్తరం పెద్దదే, సారాంశం ఇది. "మా నాన్నగారు ఆర్మీలో 24 ఏళ్లు చేసి హవల్దారుగా ఎనిమిది నెలల క్రితం ఇంటికొచ్చారు. వయసు 43, చదువు పదో తరగతి. ఇప్పుడు ఒంగోలులో ఒక అపార్ట్‌మెంట్‌లో సెక్యూరిటీ డ్యూటీ, నెలకు 14 వేలు. నేను ఇంటర్ ఎంపీసీ 91 శాతంతో పాసయ్యాను, బీటెక్‌లో చేరాలి. తమ్ముడు ఐదో తరగతి. పింఛను, క్యాంటీన్, ఆసుపత్రి తప్ప మనకు ఇంకేమీ రావని నాన్న అంటున్నారు. నిజమేనా సార్? ఈ వయసులో ఆయనకు ఇంకో మంచి ఉద్యోగం దొరుకుతుందా?"

అమ్మా, నిజం కాదు. మీ ఇంటికి రావలసినవి చాలా ఉన్నాయి, కానీ ఏదీ దానంతట అది రాదు. ఒక్కోదానికి ఒక్కో గడువు ఉంటుంది, కొన్నింటికి ఏ పని ముందు చేశాం ఏది తర్వాత చేశాం అన్నది కూడా లెక్కలోకి వస్తుంది. పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లో అయితే ఇంటికో సైనికుడు ఉంటాడు కాబట్టి ఇలాంటి సంగతులు అరుగు మీదే తెలిసిపోతాయి. ఊరికి ఒకరిద్దరే ఉన్నచోట చెప్పేవాళ్లు ఉండరు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, నాన్నగారికి కూడా చదివి వినిపించు.

అన్నింటికన్నా ముందు నాన్నగారి ట్రంకు పెట్టెలోంచి సర్వీసు వివరాలుండే డిశ్చార్జ్ బుక్, పింఛను మంజూరు పత్రం (పీపీఓ) బయటికి తీయండి. అందులో నీ పేరు, తమ్ముడి పేరు, పుట్టిన తేదీలు ఎలా ఉన్నాయో నీ పదో తరగతి మెమో పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూడు. నవ్వులాటగా తీసుకోవద్దు, నా దగ్గరికి వచ్చే మాజీ సైనికుల పిల్లల్లో సగం మందికి చిక్కు ఇక్కడే. మనకు ఇంటిపేరు ముందుంటుంది, అక్కడ రికార్డుల్లో వెనక రాస్తారు, లేదా అసలు రాయరు. బడిలో చేర్చేటప్పుడు పుట్టిన తేదీ ఒకటి వేయిస్తారు, యూనిట్‌లో కుటుంబ వివరాలు రికార్డులో ఎక్కించే పార్ట్-టూ ఆర్డర్ చేయించినప్పుడు ఇంకోటి చెప్పి ఉంటారు. రెండేళ్ల క్రితం నా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయికి 94 శాతం మార్కులు, స్కాలర్‌షిప్ ఖాయం అనుకున్నాం, డిశ్చార్జ్ బుక్‌లో ఆమె ముద్దుపేరు ఉంది. సరిచేయించుకుని వచ్చేలోపు గడువు అయిపోయింది. ఆ పిల్ల ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. తేడా కనబడితే ఒక్క రోజు కూడా ఆగకుండా ఒంగోలులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి మెమో, జనన ధ్రువపత్రం, అఫిడవిట్ పట్టుకుని వెళ్లండి, వాళ్ల ద్వారా నాన్నగారి సర్వీసు కాగితాలుండే ఆర్మీ రికార్డ్ ఆఫీసుకు దరఖాస్తు పంపాలి. నెలలు పడుతుంది, అందుకే ఈ వారమే.

ఇక నీ సంగతి. ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ పథకం అని ఒకటుంది, మాజీ సైనికుల సంక్షేమం చూసే కేంద్రీయ సైనిక బోర్డు నడుపుతుంది. 2006-07 నుంచి ఉంది, అయినా నాకు ఎదురైన తండ్రుల్లో చాలామందికి దాని పేరు కూడా తెలియదు. బీటెక్, ఎంబీబీఎస్, బీఎడ్, ఎంబీఏ లాంటి వృత్తి కోర్సులు చదివే మాజీ సైనికుల పిల్లలకు ఏటా 5,500 మందికి ఇస్తారు, అందులో సగం, అంటే 2,750, ఆడపిల్లలకే. అమ్మాయిలకు నెలకు 3,000, అబ్బాయిలకు 2,500, ఏడాది మొత్తం ఒకేసారి ఖాతాలో పడుతుంది. నీ నాలుగేళ్ల బీటెక్‌కు లెక్కేస్తే 1,44,000 రూపాయలు. ఇంటర్‌లో 60 శాతం ఉంటే దరఖాస్తు పెట్టొచ్చు, ఎంపిక మెరిట్ మీద ఉంటుంది కాబట్టి నీ 91 శాతానికి మంచి అవకాశమే ఉంది. అయితే రెండు విషయాలు బాగా గుర్తుపెట్టుకో. దీనికి మొదటి ఏడాదిలోనే దరఖాస్తు చేయాలి, రెండో ఏడాదిలో గుర్తొచ్చి అడిగితే ఎవరూ ఏమీ చేయలేరు. తర్వాత ప్రతి ఏడాదీ 50 శాతానికి తగ్గకుండా పాసవుతూ ఉండాలి, ఫెయిలైతే ఆగిపోతుంది. బ్యాంకు ఖాతా నీ పేరు మీదే ఉండాలి, ఆధార్‌తో కలిపి ఉండాలి. కాలేజీలో ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా తీసుకుంటుంటే ఆ సంగతి దాచకుండా జిల్లా కార్యాలయంలో ముందే అడిగి ఫారం నింపు.

సీటు విషయంలో కూడా ఒకటుంది. మన ఎప్‌సెట్ ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో సైనికుల పిల్లలకు 2 శాతం సీట్లు, క్యాప్ కోటా అంటారు. దరఖాస్తులో ఆ గడి దగ్గర టిక్ పెట్టావా? పెట్టకపోతే కౌన్సెలింగ్ నోటిఫికేషన్‌లో సవరణకు అవకాశం ఇచ్చారేమో వెంటనే చూడు. ఈ కోటాకు సర్టిఫికెట్ల పరిశీలన విడిగా, వాళ్లు చెప్పిన రోజున, చెప్పిన చోటే జరుగుతుంది, డిశ్చార్జ్ బుక్, గుర్తింపు కార్డు ఒరిజినల్స్‌తో నాన్నగారిని వెంట తీసుకెళ్లు. యుద్ధంలో అమరులైనవారి పిల్లలకు, గాయపడినవారి పిల్లలకు ముందు వరుస ఇస్తారు, అది న్యాయం. ఆ తర్వాతే మీ వంతు, కాబట్టి దీని మీదే ఆశ పెట్టుకోకు, కానీ వదులుకోకు.

తమ్ముడికి రెండు దారులు. మొదటిది చదువు సాయం. హవల్దారు, అంతకన్నా కింది ర్యాంకులో రిటైరైనవాళ్ల పిల్లల్లో ఇద్దరి వరకు, ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా, నెలకు 1,000 చొప్పున ఇచ్చేవారు. 2025 నవంబరు 1 నుంచి పెట్టే దరఖాస్తులకు దాన్ని 2,000 చేశారు. అంటే ఏడాదికి 24 వేలు, మీ ఊరి ప్రైవేటు బడి ఫీజులో చాలా భాగం తీరిపోతుంది. తరగతి పాసయ్యాక మార్కుల జాబితాతో కేంద్రీయ సైనిక బోర్డు వెబ్‌సైట్‌లో పెట్టాలి. నాన్నగారి ర్యాంకు సరిగ్గా ఈ హద్దులోనే ఉంది కాబట్టి దీన్ని అస్సలు వదలొద్దు. ఇదే బోర్డు నుంచి కూతుళ్ల పెళ్లికి ఇచ్చే సాయం కూడా అప్పుడే 50 వేల నుంచి లక్షకు పెంచారు, కానీ నువ్వు దాని గురించి ఇప్పుడు ఆలోచించొద్దు, చదువుకో.

రెండోది సైనిక్ స్కూల్. విజయనగరం దగ్గర కోరుకొండలో 1962 నుంచి ఉంది, చిత్తూరు వైపు కలికిరిలో ఇంకోటి. ఆరో తరగతిలో చేరడానికి మార్చి 31 నాటికి పిల్లవాడి వయసు 10 నుంచి 12 మధ్య ఉండాలి. మాజీ సైనికుల పిల్లలకు కూడా అందులో కోటా ఉంది. తమ్ముడిది ఐదో తరగతి, అంటే పరీక్ష ఈ విద్యాసంవత్సరంలోనే రాయించాలి, ఏడాది చివరి నెలల్లో నోటిఫికేషన్ వస్తుంది. వాడికి హాస్టల్‌లో ఉండే మనసు ఉందో లేదో మాత్రం వాడినే అడగండి, పదేళ్ల పిల్లవాడిని బలవంతంగా పంపితే చదువూ ఉండదు, సంతోషమూ ఉండదు.

ఇప్పుడు నాన్నగారి సంగతి. 43 ఏళ్లు, పదో తరగతి, ఇక సెక్యూరిటీ పనే గతి అని ఆయన అనుకుంటున్నారు కదా, నాకు బాధగా ఉంది. కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి ఉద్యోగాల్లో మాజీ సైనికులకు 10 శాతం పోస్టులు ఉంటాయి. ప్రభుత్వ బ్యాంకుల్లో క్లర్కు స్థాయిలో 14.5 శాతం, సబ్‌స్టాఫ్‌లో, అంటే అటెండర్ లాంటి పనుల్లో, 24.5 శాతం. వయసు లెక్క కూడా ఆయనకు అనుకూలమే, గ్రూప్-సిలో ఉన్న వయసులోంచి సర్వీసు ఏళ్లు తీసేస్తారు, పైగా మూడేళ్ల సడలింపు. 43లో 24 పోతే 19, కాగితం మీద ఆయన నీకన్నా ఒకటి రెండేళ్లే పెద్ద! బ్యాంకు క్లర్కు పరీక్షకు మాత్రం మాజీ సైనికులకు 50 ఏళ్ల గరిష్ఠ హద్దు ఉంది, అంటే ఇంకా ఏడేళ్లు చేతిలో ఉన్నాయి.

డిగ్రీ లేదు కదా అంటారు. ఇదే చాలామందికి తెలియని విషయం. పదో తరగతి పాసై, ఆర్మీ స్పెషల్ సర్టిఫికెట్ ఆఫ్ ఎడ్యుకేషన్ ఉండి, 15 ఏళ్లు తగ్గకుండా సర్వీసు చేసినవాళ్లు, సాంకేతిక అర్హత అవసరం లేని గ్రూప్-సి పోస్టులకు డిగ్రీ ఉన్నవాళ్లతో సమానంగా అర్హులు. బ్యాంకు క్లర్కు నోటిఫికేషన్‌లోనూ ఇదే మాట స్పష్టంగా ఉంటుంది, ఎవరూ ఆ పేరా దాకా చదవరు, అంతే. నాన్నగారి దగ్గర ఆ సర్టిఫికెట్ ఉందేమో డిశ్చార్జ్ బుక్‌తో పాటే చూడండి, పోయి ఉంటే రికార్డ్ ఆఫీసుకు రాయండి. అసలు డిగ్రీయే కావాలనుకుంటే ఆంధ్రా యూనివర్సిటీ కేంద్రీయ సైనిక బోర్డుతో ఒప్పందం చేసుకుని మాజీ సైనికులకు మానవ వనరుల నిర్వహణలో బీఏ ఇస్తోంది, జిల్లా కార్యాలయంలో దాని వివరాలు కూడా కనుక్కోండి.

పరీక్ష మాత్రం రాయాలి, అది తప్పదు. లెక్కలు, రీజనింగ్, ఇంగ్లీషు. పాతికేళ్ల తర్వాత పుస్తకం పట్టుకోవడం కష్టమే, కానీ ఈ కోటా పోస్టులు చాలాసార్లు పూర్తిగా నిండక మిగిలిపోతున్నాయి, రాసేవాళ్లే తక్కువ. నువ్వు ఎంపీసీ కదా, రోజూ సాయంత్రం ఒక గంట నాన్నగారికి శాతాలు, నిష్పత్తులు, సగటులు నువ్వే చెప్పు. నాకు తెలిసిన, నాయక్ ర్యాంకులో రిటైరైన ఒకాయన కొడుకు దగ్గర నేర్చుకుని మూడోసారికి బ్యాంకులో చేరారు.

ఇక్కడ ఒక పెద్ద జాగ్రత్త, దీన్ని రెండుసార్లు చదవండి. మాజీ సైనికుడి కోటాలో ఒక ప్రభుత్వ ఉద్యోగంలో చేరిపోతే, ఆ కోటా అక్కడితో వాడుకున్నట్టే. తొందరపడి చిన్న పోస్టులో చేరి, తర్వాత పెద్దది వచ్చినప్పుడు అర్హత లేదని తెలిసి కుంగిపోయినవాళ్లు ఉన్నారు. కానీ 2014 ఆగస్టు 14న కేంద్ర సిబ్బంది వ్యవహారాల శాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. మొదటి ఉద్యోగంలో చేరకముందే ఏయే పోస్టులకు దరఖాస్తు పెట్టారో, తేదీలతో సహా ఒక జాబితా రాసి, చేరేటప్పుడే ఆ ఆఫీసులో స్వీయ ధ్రువీకరణగా ఇస్తే, ఆ జాబితాలోని ఉద్యోగం తర్వాత వచ్చినా కోటా వర్తిస్తుంది. అందుకని ఈ రోజే ఒక నోటుపుస్తకం పెట్టి ప్రతి దరఖాస్తు తేదీ, నంబరు రాయండి, చేరే రోజు ఆ కాగితం ఇచ్చి రసీదు ముద్ర వేయించుకోండి. ఇప్పుడు చేస్తున్న అపార్ట్‌మెంట్ ఉద్యోగం ప్రైవేటు కాబట్టి దానివల్ల కోటాకు ఏ నష్టమూ లేదు, టెన్షన్ పడొద్దు.

పరీక్షలకు చదివే లోపు సెక్యూరిటీ పనే చేయాల్సి వస్తే, ఆ 14 వేల దగ్గరే ఎందుకు? ఢిల్లీలో పునరావాస డైరెక్టరేట్ జనరల్ అని రక్షణ శాఖ కింద ఒక సంస్థ ఉంది, డీజీఆర్ అంటారు. అది గుర్తించిన సెక్యూరిటీ ఏజెన్సీల్లో గార్డులు కనీసం 90 శాతం మాజీ సైనికులే ఉండాలి, ప్రభుత్వ రంగ సంస్థల దగ్గర వీళ్లకు పని ఉంటుంది, జీతం డీజీఆర్ నిర్ణయించిన రేటు ప్రకారం, పీఎఫ్ కూడా కలిపి. నాన్నగారి పేరు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఉద్యోగం కోసం నమోదై ఉందో లేదో చూడండి. గుర్తింపు కార్డు తీసుకోవడం వేరు, ఉద్యోగానికి నమోదు కావడం వేరు, చాలామంది మొదటిది చేసి రెండోది అయిపోయిందనుకుంటారు.

ఆసుపత్రి ఉందన్నావు కదా, మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ కార్డు నీకూ తమ్ముడికీ విడిగా చేయించారా? నీకు పెళ్లి లేదా ఉద్యోగం వచ్చేదాకా, తమ్ముడికి అయితే అవి రాకపోతే 25 ఏళ్ల దాకా వర్తిస్తుంది. నువ్వు హాస్టల్‌కు వెళ్లేముందే కార్డు చేతిలో ఉండాలి.

బ్యాంకు శాఖకు వెళ్లి నాన్నగారి పింఛను ఖాతా రక్షణ సిబ్బంది ప్యాకేజీలో ఉందా, మామూలు సేవింగ్స్‌గా ఉందా అని అడగండి. ప్యాకేజీలో ఉంటే ప్రీమియం లేకుండా ప్రమాద బీమా వస్తుంది, మార్చమని కాగితం రాసిస్తే మారుస్తారు. అలాగే ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్‌లో రిటైరయ్యాక కొనసాగే బీమా పత్రం ఒకటి ఇచ్చి ఉంటారు, అది ఎక్కడుందో అమ్మకు చూపించండి. పీపీఓలో అమ్మ పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోవాలి. ఇలాంటి మాటలు ఇంట్లో మాట్లాడుకోవడానికి మనసొప్పదు, నాకు తెలుసు, అయినా నాన్నగారు ఆరోగ్యంగా ఎదురుగా ఉన్నప్పుడే సరిచూసుకుంటే అరగంట పని, లేకపోతే అమ్మ ఒక్కతే ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

ఉత్తరం చివర మీ పెదనాన్న కొడుకు అగ్నివీర్‌గా వెళ్దామనుకుంటున్నాడని, అతనికీ ఇవన్నీ వస్తాయా అని అడిగావు. నాలుగేళ్లు చేసి బయటికొచ్చిన అగ్నివీర్‌కు సేవా నిధి అని ఒకేసారి ఇచ్చే డబ్బు వస్తుంది కానీ పింఛను, ఈసీహెచ్ఎస్, మాజీ సైనికుడి హోదా రావు. సైన్యంలో కొనసాగడానికి ఎంపికైతే అది వేరే లెక్క. తెలిసి వెళ్లమను.

ఈ పనుల్లో దేనికీ ఎవరికీ డబ్బు ఇవ్వనక్కర్లేదు. మేం చేయిస్తాం, పది శాతం ఇవ్వండి అని ఎవరైనా ఇంటికొస్తే కాగితాలు చూపించకుండా పంపేయండి. సోమవారం నాన్నగారు ఒంగోలులో డ్యూటీ దిగగానే నేరుగా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లమను, నువ్వూ వెళ్లి కలువు, డిశ్చార్జ్ బుక్ ప్రతి పేజీ రెండేసి జిరాక్సులు తీయించుకో. పేర్లలో తేడా ఏమైనా కనిపిస్తే అది ఎలా ఉందో నాకు మళ్లీ రాయి, దరఖాస్తు ఎలా పెట్టాలో చెప్తాను.