అడగండి, చెబుతాను: కణానికి కొలత ఎలా తెలుసు?

ప్రశ్న: శీలావతి చేప గుడ్డును మైక్రోస్కోపు కింద పెడితే రెండు, నాలుగు, ఎనిమిది అంటూ చీలి కణాలు చిన్నవైపోతున్నాయి. ఇలాగే సాగితే కిలో చేప అయ్యేసరికి కణాలు కంటికి ఆనకూడదు కదండీ? ఎక్కడ ఆగాలో వాటికెలా తెలుస్తుంది?
– ఓ హేచరీ టెక్నీషియన్, ఆకివీడు

జవాబు: ముందు ఓ చిన్న సవరణ. గుడ్డంతా చీలదండీ. సొన అలాగే ఉంటుంది, దాని నెత్తినున్న బిళ్ల మాత్రమే ముక్కలవుతుంది. ఆ గంటల్లో కణాలకు పెరిగే పనే లేదు, తల్లి చేప కట్టిచ్చిన సరుకుతో చకచకా చీలడమే. శీలావతికి చుట్టమైన జీబ్రా చేపలో చీలికకూ చీలికకూ మధ్య పావుగంటే. కణం చిన్నదవుతున్నా అందులోని డీఎన్ఏ తగ్గదు. కణం సైజుతో పోలిస్తే డీఎన్ఏ నిష్పత్తి హద్దు దాటాక, పదో విభజన దగ్గర్లో, పరుగు నెమ్మదిస్తుంది. పిండం సొంత జన్యువులు పనిలోకి దిగుతాయి.

అక్కడినుంచి పెరిగాకే చీలడం. 1956లో డేవిడ్ ప్రెస్కాట్ అనే జీవశాస్త్రవేత్త, పెరుగుతున్న అమీబాను మాటిమాటికీ కాస్త కోసేస్తూ వచ్చాడు. అది చీలనే లేదు! అంటే గడిచిన కాలం ఒక్కటే చాలదు, ఒళ్లూ పెరగాలి.

మన కణాల్లో దీనికి ఒక ఉపాయాన్ని 2020లో స్టాన్‌ఫర్డ్‌లో యాన్ స్కోథైమ్ బృందం చూపించింది. ఆర్‌బీ అనే ప్రోటీను విభజనకు అడ్డుకట్ట. అది చెడితే పసిపిల్లల కంట్లో కాన్సర్ వస్తుందని ముందునుంచీ తెలిసిందే. విభజనకు ముందు కణం పెరుగుతుంటే ఈ ప్రోటీను మొత్తం దాదాపు అంతే ఉంటుంది. చారులో నీళ్లు పోస్తే ఉప్పు చప్పబడినట్టు, కణం పెరిగేకొద్దీ ఇది పలచబడుతుంది. బాగా పలచబడ్డాక కణం డీఎన్ఏ నకలుకు దిగుతుంది. చిన్నగా పుట్టిన కణంలో ఇది చిక్కగా ఉంటుంది కాబట్టి ఎక్కువసేపు ఆగి పెరుగుతుంది. అంతా దీని మహిమే అనను. కణాలు పెరిగే వేగాన్నీ సర్దుకుంటాయి.

కాబట్టి మీ కిలో చేపలో పెరిగేది ప్రధానంగా కణాల సంఖ్య. కండపోగులు వేరు, అవి లావవుతాయి కూడా.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది గెర్‌హార్డ్ ఫాంక్‌హౌజర్ అనే శాస్త్రవేత్త చూసిన సాలమాండర్లు, అంటే బల్లిలా కనిపించే కప్పల చుట్టాలు. క్రోమోజోముల సెట్లు ఎక్కువైనకొద్దీ కణాలు లావెక్కాయి, జంతువు మాత్రం మామూలు సైజే. తక్కువ కణాలతో సరిపెట్టుకుందన్నమాట. మీకెక్కడైనా ట్రిప్లాయిడ్ (మూడు క్రోమోజోముల సెట్లున్న) గడ్డిచేప దొరికితే దాని రక్తం చుక్కనూ మామూలు గడ్డిచేప చుక్కనూ పక్కపక్కన స్లైడు మీద పెట్టి చూడండి. ఎర్రకణాలు దేనివి పెద్దవో మీరే చెబుతారు.