బొబ్బా? పొక్కా?

ప్రశ్న: పలాసలో జీడిపిక్కలు కొట్టేవారి చేతులకు లేచేవి బొబ్బలా, పొక్కులా?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: రెండూ అనొచ్చు. రాపిడికో వేడికో చర్మం పైపొర విడిపోయి, నీరు నిండి ఉబ్బితే బొబ్బ. కొడవలి పట్టిన అరచేతికి లేచేది అదే. చిన్నవి గుంపుగా లేస్తే పొక్కులు. ఆటలమ్మకు వచ్చేవి అవే. వేడి టీకి నాలుక పొక్కుతుంది, చెమ్మగోడ మీద రంగు పొక్కులు లేస్తుంది, రహస్యమూ బయటకు పొక్కుతుంది. ‘బొబ్బలు పెట్టడం’ మాత్రం కేకలెయ్యడం.

జీడిపిక్క పెంకులోని నూనె తగిలితే చర్మం కాలినట్టే అవుతుంది. పనికి ముందే చేతులకు ఆముదం పట్టించాలి, తొడుగులుంటే ఇంకా మేలు. నూనె అంటిన వెంటనే సబ్బుతో కడగాలి. బొబ్బను చిదమకండి: ఆ పైపొరే లోపలి పచ్చి చర్మానికి కట్టు.