బరువు తగ్గడం ఆగిపోతే తిండి ఇంకా కోయకండి, ముందు నూనె తూచండి

మూడు నెలల్లో 81 కిలోల నుంచి 74కి వచ్చారు, రోజుకు 1300 క్యాలరీలు లెక్కపెట్టుకుని తింటున్నారు, నెల పైనుంచి మెషీన్ మీద అంకె కదలట్లేదు, థైరాయిడ్ రిపోర్టు మామూలుగానే ఉంది. ఇప్పుడు 1000కి దించమంటారా అని అడిగారు. దించొద్దండి. నేనూ ఇలాగే 70 దగ్గర ఆగిపోయి, వేసవి అంతా అక్కడే ఉండి, తర్వాత 63కి వచ్చాను. అన్నం మానలేదు, పస్తులుండలేదు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ముందు మీ అంకెలే చూద్దాం. 34 ఏళ్లు, 158 సెంటీమీటర్ల ఎత్తు అని రాశారు. మిఫ్లిన్-సెయింట్ జియోర్ అని 1990లో వచ్చిన సూత్రం ఉంది, డైటీషియన్లు చాలామంది వాడేది అదే. దాని ప్రకారం 81 కిలోలున్నప్పుడు ఊరికే పడుకుని ఉన్నా మీ ఒంటికి 1466 క్యాలరీలు కావాలి. ఇప్పుడు 74కి 1396. కూర్చుని చేసే ఉద్యోగం కాబట్టి దాన్ని 1.2తో గుణిస్తే రోజు ఖర్చు 1680కి కాస్త అటూ ఇటూ. అంటే ఏడు కిలోలు తగ్గినందువల్ల మీ ఖర్చులో పడిన కోత 80, 90 క్యాలరీలే. తక్కువ తింటున్నప్పుడు శరీరం ఇంకొంత పొదుపు చేస్తుంది, అదీ తీసేద్దాం. సూత్రం కూడా ఎవరికీ అచ్చంగా సరిపోదు. అయినా మీ 1300 నిజంగా 1300 అయితే నెలకు కిలోకి దగ్గరగా తగ్గాలి. అది కనబడట్లేదంటే కొవ్వు తగ్గుతున్నా ఒంట్లో నీరు దాన్ని కప్పేస్తూ ఉండాలి, లేదా తినేది 1300 దాటుతూ ఉండాలి. 1000కి దిగితే ఈ రెండింటిలో ఏదన్నది తేలదు, నీరసం మాత్రం వస్తుంది.

నీటి సంగతి ముందు తేల్చుకోవడం తేలిక. ఆడవాళ్లకు నెలసరికి ముందు వారం కిలో, కొందరికి ఇంకా ఎక్కువే నీరు చేరుతుంది. ఉప్పు ఎక్కువైన రోజు మర్నాడు అంకె పెరుగుతుంది. నేను ఆగిపోయింది కొత్తావకాయ రోజుల్లో, రోజూ రెండు పూటలా మొదటి ముద్ద దాంతోనే. కొత్తగా వ్యాయామం మొదలుపెట్టినా కండరాల్లో కొన్నాళ్లు నీరు నిలుస్తుంది. కాబట్టి రోజూ పొద్దున బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తాగకముందు చూసుకోండి. ఏ రోజు అంకెనూ పట్టించుకోకండి, ఏడు రోజుల సగటు తీయండి. ఆ సగటును కిందటి వారంతో కాదు, కిందటి నెలసరి తర్వాత వచ్చిన అదే వారంతో పోల్చండి. బొడ్డు దగ్గర టేపు పెట్టి నడుం కొలత కూడా రాసుకోండి. నడుం తగ్గుతూ బరువు ఆగితే మీరు ఆగిపోలేదు, అలాగే కొనసాగండి.

నడుం కూడా కదలకపోతే వంటింట్లోకి రండి. నా విషయంలో అసలు సంగతి అక్కడే తేలింది.

మనం తినేది నలుగురికి కలిపి వండిన గిన్నెలోంచి. క్యాలరీలు లెక్కపెట్టే యాప్‌లో 'బెండకాయ వేపుడు, ఒక కప్పు' అని కొడితే ఒక అంకె వస్తుంది. ఆ వేపుడు ఎవరింట్లో వండారో, ఎంత నూనె పోశారో ఎవరికి తెలుసు? మా అత్తయ్య నూనె డబ్బా వంచి పోస్తారు, ఆవిడ చెయ్యే కొలత. ఆవిడను ఒక్క మాట అనకుండా నేను చేసిందేమిటంటే, ఆదివారం పొద్దున నూనె డబ్బాను తూచి రాసిపెట్టి, మళ్లీ ఆదివారం తూచాను. దాదాపు కిలో అయింది. నలుగురం, ఏడు రోజులు. మనిషికి రోజుకు 35 గ్రాములు. గ్రాముకు తొమ్మిది క్యాలరీల చొప్పున 315. యాప్ లెక్కలో నా రోజువారీ నూనె రెండు టీస్పూన్లు, 80 క్యాలరీలు. తేడా 235! మీకు ఇందాక వేసిన లెక్కతో పోల్చి చూడండి, నెలలో తగ్గాల్సిన కిలో ఎక్కడికి పోతుందో అర్థమవుతుంది.

ఇది మన ఇళ్లకే పరిమితం కాదు. 1200 లోపే తింటున్నా తగ్గడం లేదని చెప్పినవాళ్లను అమెరికాలో పరిశోధకులు పరీక్షించి, 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రాశారు. వాళ్ల మెటబాలిజం, అంటే ఒళ్లు క్యాలరీలు ఖర్చుపెట్టే తీరు, మామూలుగానే ఉంది. తిన్నదాన్ని మాత్రం సగటున 47 శాతం తక్కువగా చెప్పారు, చేసిన శ్రమను 51 శాతం ఎక్కువగా చెప్పారు. దీన్ని నేను వాళ్ల తప్పుగా చూడను. కంటితో చూసి నూనెను కొలవడం ఎవరివల్లా కాదు.

అందుకని నాలుగైదు వందల్లో వచ్చే వంటింటి డిజిటల్ త్రాసు ఒకటి కొనండి. నూనె డబ్బాను దానిమీద పెట్టి టేర్ నొక్కండి, సున్నా వస్తుంది. మూకుట్లో పోసి డబ్బాను మళ్లీ త్రాసు మీద పెట్టండి. మైనస్‌లో కనిపించే అంకే మీరు పోసిన గ్రాములు. చెంచాలు కడిగే పని కూడా లేదు. నెయ్యికీ ఇంతే.

అన్నాన్ని బియ్యంగా ఉన్నప్పుడే తూచండి. వంద గ్రాముల బియ్యం సుమారు 350 క్యాలరీలు. ఉడికాక ఎంత తూగుతుందన్నది బియ్యం పాతదా కొత్తదా, ఎసరు ఎంత పెట్టారన్నదాన్ని బట్టి మారిపోతుంది. మా ఇంట్లో 400 గ్రాముల సోనా మసూరి ఉడికితే 1120 గ్రాముల అన్నం అవుతుంది. మొత్తం 1400 క్యాలరీలు, అంటే వంద గ్రాముల అన్నానికి 125. నేను 150 గ్రాములు పెట్టుకుంటే 190లోపే. గిన్నెతో సహా తూచి గిన్నె బరువు తీసేయాలి కాబట్టి, ఖాళీ గిన్నెల బరువులన్నీ ఒక కాగితం మీద రాసి అల్మారా తలుపుకి లోపలివైపు అంటించాను. కుక్కర్ గిన్నె 640, పప్పు గిన్నె 385, మూకుడు 910. ఇప్పుడు అత్తయ్య కూడా ఆ కాగితమే చూస్తారు. పప్పు, కూర కూడా ఇలాగే, వేసిన సరుకులు కూడి, మొత్తం బరువుతో భాగించడమే. సరుకుల క్యాలరీలకు యాప్‌లో ఎవరో ఎక్కించిన అంకెలు కాకుండా, మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో తెచ్చిన భారతీయ ఆహార పట్టికలు చూడండి. 528 రకాల ఆహారాలున్నాయి అందులో.

ఇక లెక్కలోకి రాని చిల్లర ఉంటుంది. పిల్లాడి ప్లేట్లో మిగిలిన అట్టు ముక్క, ఉప్పు చూడ్డానికి వేసుకున్న చెంచాడు, ఆవకాయ మీద తేలే నూనె, సాయంత్రం గుప్పెడు పల్లీలు. ఆ పల్లీలు 30 గ్రాములైతే 170 క్యాలరీలు. తినొద్దనడం లేదు, రాయమంటున్నాను.

నడక గురించి కూడా ఒకటి చెప్పాలి. తక్కువ తింటున్నప్పుడు మనకు తెలియకుండానే కదలడం తగ్గిస్తాం. లేచి మంచినీళ్లు తెచ్చుకునేవాళ్లం పిల్లల్ని తెమ్మంటాం. ఫోన్‌లో మొదటి నెల అడుగుల సగటు ఎంతుందో, ఇప్పుడెంతుందో చూడండి. తగ్గి ఉంటే పాత అంకెకు తీసుకెళ్లండి, అంతకుమించి ఏమీ అవసరం లేదు.

ఇవన్నీ సరిచూసుకున్నా కదలకపోతే, మూడు నెలలుగా తగ్గించి తింటున్నారు కాబట్టి రెండు వారాలు విరామం తీసుకోవడం నా దృష్టిలో మంచిది. విరామమంటే ఇష్టమొచ్చినట్టు తినడం కాదు, తూచుకుంటూనే 1650 దాకా తినడం. 2017లో ఆస్ట్రేలియాలో ఊబకాయమున్న మగవాళ్లపై చేసిన ఒక అధ్యయనంలో, రెండు వారాలు తగ్గించి రెండు వారాలు మామూలుగా తిన్నవాళ్లు 14 కిలోలు తగ్గితే, ఆపకుండా తగ్గించినవాళ్లు 9 కిలోలు తగ్గారు. తర్వాతి కొన్ని అధ్యయనాల్లో అంత తేడా రాలేదు, కాబట్టి దీన్ని మంత్రంలా చూడకండి. నేను దసరా సెలవుల్లో చేశాను. మొదట్లో కిలో దాకా పెరిగింది, భయపడలేదు, అది ఎక్కువగా నీరూ కడుపులో ఉన్న తిండీనే. మళ్లీ మొదలుపెట్టాక అది పోయింది, ఇంకా కిందికి వచ్చింది. అన్నిటికన్నా ముఖ్యంగా, నిద్ర బాగా పట్టింది, చిరాకు పోయింది.

ప్రోటీన్ విషయంలో మాత్రం రాజీ పడకండి. మీ బరువుకు రోజుకు 80, 90 గ్రాములు ఉంటే కండ కరగకుండా ఉంటుంది, ఆకలీ ఆగుతుంది. గుడ్డుకు ఆరు గ్రాములు, 30 గ్రాముల కందిపప్పుకు దాదాపు ఏడు, వంద గ్రాముల చికెన్ బ్రెస్ట్‌కు 22 పైనే. 1000 క్యాలరీల్లో ఇది సర్దడం మహా కష్టం, మీరు దిగొద్దనడానికి అదో కారణం. వారంలో రెండు మూడు సార్లు బరువులెత్తే వ్యాయామం కలిపితే మరీ మంచిది.

నెలసరి తప్పుతున్నా, జుట్టు విపరీతంగా రాలుతున్నా, షుగర్ మాత్రలు వాడుతున్నా ఈ లెక్కలన్నిటికన్నా ముందు డాక్టరును కలవండి. షుగర్ మాత్రలు వేసుకుంటూ తిండి తగ్గిస్తే చక్కెర పడిపోయే ప్రమాదం ఉంది.

అవేవీ లేకపోతే వచ్చే ఆదివారం నూనె డబ్బా తూచి మొదలుపెట్టండి. రెండు వారాలయ్యాక మనిషికి రోజుకు ఎన్ని గ్రాములు వచ్చిందో, బరువు సగటు ఎంతో, నడుం ఎంతో ఈ జవాబు కిందే రాయండి. ఎక్కడ ఎంత తగ్గించాలో అప్పుడు కలిసి లెక్క వేద్దాం.