పక్క సీట్లో కూర్చునే ముందు

ప్రశ్న: శ్రీకాకుళంలో ఎనిమిదేళ్లుగా టాక్సీ తోలుతున్నాను. పదో తరగతి పాసయ్యాను, ఐటీఐలో మోటార్ మెకానిక్ చేశాను. డ్రైవింగ్ స్కూల్లో ఇన్‌స్ట్రక్టర్‌గా చేరదామంటే, ముందు బండి నడిపి చూపించమన్నారు. ఎలా సిద్ధం కావాలి?
– ఒక పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు (1989) ఇన్‌స్ట్రక్టర్‌కి పదో తరగతి, కనీసం 5 ఏళ్ల డ్రైవింగ్ అనుభవం, మోటార్ మెకానిక్స్ సర్టిఫికెట్ ఉండాలంటాయి. మీకు మూడూ ఉన్నాయి. ట్రాఫిక్ గుర్తులు తెలియడం, బండి భాగాలు ఎలా పనిచేస్తాయో విడమరచి చెప్పగలగడం కూడా అందులోనే ఉన్నాయి. ఇవి ఒకసారి తిరగేస్తే చాలు.

మీరు కష్టపడాల్సింది పాత అలవాట్లు మానుకోవడానికి. ఎడమ కాలు ఎప్పుడూ క్లచ్ మీదే ఉంటుందా? క్లచ్‌ని విడదీసే రిలీజ్ బేరింగ్ అరుగుతుంది, క్లచ్ ప్లేటు జారడం మొదలవుతుంది. దిగుడులో డీజిల్ కలిసొస్తుందని న్యూట్రల్ చేస్తారా? ఇంజన్ పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది. చెయ్యి గేర్ రాడ్ మీదే ఉంచకండి. మీరు ఏం చేస్తే నేర్చుకునేవాళ్లు అదే పట్టేస్తారు, పరీక్షించేవారు మొదట చూసేదీ ఇవే.

బండెక్కగానే సీటు సర్దుకోండి. క్లచ్ పూర్తిగా తొక్కినా మోకాలు కాస్త వంగే ఉండాలి. లోపలి అద్దంలో వెనక గ్లాసు మొత్తం కనపడాలి. పక్క అద్దాల్లో మన బండి అంచు సన్నగా కనిపిస్తే చాలు. తర్వాత బెల్టు, న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్ చూసుకుని తాళం తిప్పండి. మలుపు దగ్గర ముందు అద్దం, తర్వాత ఇండికేటర్, ఆ తర్వాతే స్టీరింగ్. ఇండికేటర్ వేశాక అద్దం చూసేవాళ్లే ఎక్కువ. అప్పటికే పక్కనుంచి బైకు దూరిపోతుంది.

ఎత్తు మీద ఆపి మళ్లీ కదపడం బాగా సాధన చెయ్యండి. ఫ్లైఓవర్లు వద్దు, రద్దీ లేని చెరువు గట్టు ఎక్కే దారి చాలు. హ్యాండ్ బ్రేక్ లాగి, మొదటి గేర్ వేసి, కొద్దిగా యాక్సిలరేటర్ ఇస్తూ క్లచ్ నెమ్మదిగా వదలండి. ఇంజన్ శబ్దం బరువెక్కి బానెట్ రవ్వంత లేచే చోట కాలు ఆపండి. హ్యాండ్ బ్రేక్ అప్పుడు దించాలి. ముందే దించితే బండి వెనక్కి జారుతుంది. భయపడి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే క్లచ్ కాలిన వాసన వస్తుంది.

ఇవన్నీ వచ్చాక, ఏడు రోడ్ల కూడలి మీదుగా వెళ్తూ మీరు చూస్తున్నదీ చెయ్యబోయేదీ పైకి చెప్పండి: ‘ఎడమ పక్క ఆటో ఆగేలా ఉంది, అద్దం చూశాను, వేగం తగ్గిస్తున్నాను.’ మాట పనికంటే వెనకపడుతోందంటే మీరింకా అలవాటుగానే తోలుతున్నారు. ముందు చెప్పి తర్వాత చెయ్యడం వచ్చేదాకా వదలొద్దు, ఎందుకంటే రేపు మీ మాట విని వేరొకరు బ్రేక్ తొక్కాలి.

ఖాళీ మైదానంలో 15–20 కిలోమీటర్ల వేగంతో పక్క సీటు బ్రేకుని, అంటే ఇన్‌స్ట్రక్టర్ కాలి దగ్గరుండే అదనపు బ్రేకు పెడల్‌ని, పరీక్షించండి. కేబుల్ వదులైతే పెడల్ చాలా దూరం దిగాక గానీ పట్టదు. అలాంటి బండిలో పాఠం మొదలుపెట్టకండి. ఒక్కో విద్యార్థికి కారు మీద 21 రోజుల శిక్షణలో కనీసం 10 గంటల డ్రైవింగ్ చేయించాలని నిబంధన.

ప్రశ్న: మా అల్లుడు బ్రిటన్‌లో డ్రైవింగ్ ఇన్‌స్ట్రక్టర్ పరీక్ష రెండో భాగం రాయబోతున్నాడు. సెలవుల్లో విజయనగరం వచ్చి మన రోడ్ల మీద సాధన చేస్తానంటున్నాడు. పనికొస్తుందా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: ఆ పరీక్ష రాసేది కాదమ్మా, దాదాపు గంటసేపు బండి నడపాలి. కొత్త తరహా నంబరు ప్లేటుని 26.5 మీటర్ల నుంచి చదవాలి, బండి భద్రత మీద 5 ప్రశ్నలుంటాయి. రివర్స్, పార్కింగ్ విన్యాసాలు రెండు చేయిస్తారు. సుమారు 20 నిమిషాలు నావిగేషన్ చూసి గానీ దారి బోర్డులు చూసి గానీ సొంతంగా నడపాలి. మామూలు లైసెన్స్ పరీక్షలో 15 చిన్న తప్పుల వరకూ ఊరుకుంటారు, ఇందులో 6 దాకానే. పెద్ద తప్పు ఒక్కటి చేసినా ఫెయిలే. మొత్తం మూడు అవకాశాలే ఇస్తారు.

రివర్స్ ఇక్కడ నేర్చుకోవచ్చు. మనకీ ఎడమవైపు రోడ్డే, స్టీరింగ్ కుడివైపే. కానీ గంట స్తంభం రద్దీలో హారన్‌తో దారి చేసుకోవడం అలవాటైతే అక్కడ నష్టం. రౌండ్ అబౌట్లూ, లేన్ల క్రమమూ పరీక్ష జరిగే ఊళ్లోనే సాధన చెయ్యమనండి. సెలవు చివరి వారంలో ఇక్కడ బండి ముట్టుకోకపోతే మరీ మంచిది.